గుడ్ల కాలంలో మోగిన నా ఈల

నా ఈలను నన్నడగకుండా నల్లమలలో మోగిస్తున్నారు. అదీ వానాకాలంలో, కౌజు పిట్టలు గుడ్ల మీద ఉండే రోజుల్లో. పొదలో స్పీకరు దాచిపెట్టి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి, ఫోటోల కోసం. ఇది తప్పు. తప్పన్న మాట ముందు చెప్పి మిగతాది తర్వాత చెబుతున్నాను. ఎందుకంటే నా చిన్నతనం సంగతి ముందు మొదలుపెడితే వినేవాళ్ళు ఎంత బాగుందో అని మురిసి అక్కడే ఆగిపోతున్నారు. మా అల్లుడు అట్లాగే ఆగాడు. కాటేజీలాయన కూడా అట్లాగే ఆగాడు. మురిపెం ఎవరికి కావాలి, నాకు కావలసింది ఆ స్పీకరు బందు కావడం.

అచ్చంపేట దాటి, ఘాటు రోడ్డు ఎక్కాక, అడవి అంచున ఒక ఆసామి కాటేజీలు కట్టాడు. పేరు రాయను, రాస్తే అదొక ప్రచారం. మా బిడ్డ సుజాత, అల్లుడు రవీందర్ హైదరాబాదులో ఉంటారు. అల్లుడికి కెమెరా పిచ్చి. బోరుబావి పైపంత లెన్సు కొన్నాడు. సెలవు దొరికితే చాలు, ఆ పైపును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కొండలెక్కుతాడు. మొన్న ఆషాఢంలో నన్నూ రెండోసారి తీసుకుపోయారు. నల్లమల అప్పుడే కడిగి ఆరేసినట్టుంది. లోయలో మబ్బు పాలపొంగులా లేస్తున్నది. కొండముచ్చులు రోడ్డు గోడ మీద తడిసి కూర్చుని, కారు దిగిన ప్రతివాడూ తమనే ఫోటో తీస్తున్నాడని తెలిసినట్టు మొహాలు పక్కకు తిప్పుకుంటున్నాయి. నాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు.

తెల్లారినాక పిట్టల ఫోటోల కోసం ఆకుపచ్చ గుడ్డతో కట్టిన చాటులో అందరం కూర్చున్నాం. మా అల్లుడు, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకో నలుగురైదుగురు, వెనక నేను, మా బిడ్డ. సైదులు అని ఆ కాటేజీల గైడు, ఇద్దరు పిల్లల తండ్రి, చలాకీ మనిషి. సబ్బుబిళ్ళంత నల్లడబ్బా ఒకటి కలేపొదలో పెట్టి వచ్చి ఫోను నొక్కాడు. కీ-కి-కో, కీ-కి-కో అని కౌజు పలికింది. అదెక్కడి పుంజో గాని మంచి గొంతు అనుకున్నాను. మూడు విడతలు పలికి ఆగింది. కౌజు మూడు విడతలకు ఆగదు. మొదలుపెడితే గొంతు అలిసేదాకా పలుకుతుంది. మూడింటికి ఆగి, ఊపిరి పట్టి, వినడం మా నాయిన పద్ధతి. నాయిన పోయాక అట్లా ఆగేవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే.

మాది దేవరకొండ పక్కన గుట్టల నడుమ ఒక పల్లె. నాయినకు కొంచెం చెల్క ఉండేది. జొన్న, కంది, ఆముదం, వాన దయ ఉంటే పండేవి. చెల్క కంటే ఆయన మనసు ఎక్కువగా పిట్ట మీదనే ఉండేదని మా అవ్వ, అంటే నాయిన తల్లి, చచ్చేదాకా అన్నది. అరుగు వాసానికి వెదురు పుల్లల పింజ్రా ఒకటి వేలాడుతూ ఉండేది. అందులో మేపిన మగ కౌజు. దాన్ని దీమం పిట్ట అంటారు. ఆ పింజ్రాను గుట్ట మీద పొదల్లో పెడితే అది పలుకుతుంది. ఆ జాగా నాదేనని ఏలుకుంటున్న అడవి పుంజు ఈ కొత్తగొంతు విని కొట్లాటకు వస్తుంది. పింజ్రా చుట్టూ గుర్రపు వెంట్రుకలతో పన్నిన ఉరుల్లో కాలు పెడుతుంది. ఇదంతా ఇప్పుడు చట్టం ఒప్పని పని. ఒప్పకపోవడమే మంచిది. కానీ ఆనాడు మా వైపు గుట్టల కింద ఊళ్ళలో ఇంటికొక ఎద్దు ఉన్నట్టు, నాలుగిళ్ళకొక పింజ్రా ఉండేది.

పిట్ట మేత కోసం నాయిన చేసే ఏర్పాటు నాకు ఇప్పటికీ ముక్కులో ఉన్నది. పగిలిన కుండలో పేడ, పాత గడ్డి కలిపి తడిపి, పొద్దుగూకే వేళ చెదల పుట్ట మీద బోర్లించి వచ్చేవాడు. తెల్లారి పోయి కుండ ఎత్తితే లోపలంతా తెల్లగా చెదలు. ఆ కుండ తెచ్చి అరుగు మీద పెడితే తడిమన్ను వాసన, పేడ వాసన, లోపల అమ్మ పెనం మీద కాలుస్తున్న జొన్నరొట్టె వాసన, పక్కన అవ్వ చుట్టపొగ, ఇవన్నీ కలిసి వచ్చేవి. మా ఇంటి పొద్దు అంటే ఆ వాసనే. కుండ చూడగానే పిట్ట పింజ్రాలో గిరగిర తిరిగేది. నాయిన వేలి మీద చెదలు పెట్టుకుని పుల్లల సందున చాపితే ఒక్కొక్కటే ఏరుకుని తినేది. మాకు ఎన్నడూ అట్లా తినిపించలేదని అవ్వ ఎత్తిపొడిచేది.

దీమం పిట్టకు ఒక నియమం ఉండేది. పొద్దున అది పలికినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు బదులు పలకాలి. బదులు లేని పిట్ట కొన్నాళ్ళకు మూగబోతుందని నాయిన నమ్మకం. అది నిజమో కాదో నాకు తెలియదు, మా ఇంట్లో ఎవరూ పరీక్షించి చూసే ధైర్యం చేయలేదు. మొదట నాయినే పలికేవాడు. పొడిదగ్గు పట్టుకున్నాక ఆ పని నా మీద పడింది. నాలుక మడిచి, కింది పెదవిని లోపలికి లాగి, కడుపులోనుంచి గాలి తేవాలి. నేను పలుకుతుంటే నాయిన మంచం మీద కళ్ళు మూసుకుని వినేవాడు. విని, "గది కౌజు గాదురా, గాలి పోతున్న సైకిల్ ట్యూబు" అనేవాడు. మళ్ళీ పలికేవాణ్ణి. ఆయన ఏమీ అనకుండా అటు తిరిగి పడుకుంటే బాగా పలికానని అర్థం. పొగడ్త అంటే మా ఇంట్లో అంతే. అవ్వ మాత్రం చుట్ట నోట్లోంచి తీసి, "ఇంట్ల మనిషి పిలిస్తె పలుకవు, పిట్ట పిలిస్తె ఉరికురికి పలుకుతవు, నువ్వూ మీ అయ్య లెక్కనే తయారైతున్నవు" అనేది.

చలికాలంలో జొన్నకోత అయ్యాక నాయిన, నేను పింజ్రా పట్టుకుని గుట్టలెక్కేవాళ్ళం. ఇప్పుడు మా పిల్లలు హిల్ స్టేషన్ అంటారే, మాకు అదే. గుడ్డలో రొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తొక్కు. ఉరులు పన్నాక చేయవలసిన పని ఏమీ ఉండదు, కదలకుండా కూర్చోవడమే. నాయిన ఒక బండ మీద గొంతుక్కూర్చుని కింద ఊళ్ళ వైపు చూసేవాడు. దేవరకొండ ఖిల్లా గోడలు ఎండకు ఎర్రబడేవి, పొలాల మధ్య పొగలు లేచేవి, ఎక్కడో బండి ఇరుసు కిర్రుమనేది. చాలాసేపు చూసి, "జాగా మంచిగున్నది" అనేవాడు. వేటకు మంచి జాగా అని అంటున్నాడనుకునేవాణ్ణి. అది పిట్టల గురించి కాదని నాకు తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది. ఈమధ్య కొండ మీద అల్లుడు లోయను వందసార్లు ఫోటో తీసి, వావ్ అని అన్నప్పుడు తెలిసింది, మా నాయిన కూడా అదే అన్నాడని.

ఉరిలో పడ్డ పిట్టను నాయిన మెడ విరిచేవాడు. ఇంటికి తెస్తే అమ్మ వండేది, మేం తినేవాళ్ళం. అవ్వ ముక్క ముట్టకపోయినా ఉప్పు సరిపోయిందో లేదో చూసే పెత్తనం వదిలేది కాదు. మేం దయగల మనుషులమని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. కానీ మృగశిర చినుకు పడిందంటే మా ఇంట్లో పింజ్రా గుట్టకు పోయేది కాదు. అరుగు మీద నుంచి దాన్ని తీసి లోపలి అర్రలో, గింజల గుమ్మి వెనక పెట్టి నల్లగుడ్డ కప్పేవాళ్ళం. దాని గొంతు బయట చెల్కల్లో ఉన్న పుంజులకు వినపడొద్దని. అది పలికితే నేను పింజ్రాకు నోరు ఆనించి, గుసగుసగా బదులు పలికేవాణ్ణి. బతుకమ్మ పండుగ దాకా అంతే.

ఒక వానాకాలం పటేలు ఇంటికి చుట్టం వచ్చాడు. కౌజుకూర కావాలని పటేలు కబురు పెట్టాడు. నాయిన కుదరదన్నాడు. పటేలే మా అరుగు దగ్గరికి వచ్చి, ఒక్క పొద్దుకు ఏమవుతుందిరా అని అడిగాడు. నాయిన లేచి నిలబడి, తువ్వాల చంకన పెట్టుకుని, వినయంగానే చెప్పాడు. "బాలింత ఉన్న ఇంటి ముంగట నిలవడి మొగోన్ని కయ్యానికి పిలుస్తమా దొరా? గాడు కోపానికొచ్చి బయటికొస్తడు. ఎనుక గుడ్లను కాకులు తింటయి. చలికాలం రాండ్రి, మీరు అడగకముందే తెస్త." పటేలు వెనక్కి తిరిగి పోయాడు. ఆ యేడు మాకు నాగలికి ఎడ్లు ఇవ్వలేదు. చెల్క సగం బీడు పడ్డది. అవ్వ ఆ కాలమంతా పిట్టను తిట్టింది, నాయినను తిట్టింది, పటేలును మాత్రం ఇంకా గట్టిగా తిట్టింది.

నాయిన పోయాక ఆ పిట్టను నేనే గుట్ట మీద వదిలిపెట్టాను. పింజ్రా తలుపు తీసి, వెనక్కి చూడకుండా దిగొచ్చాను. సగం దూరం వచ్చి చూస్తే నా వెనకే నడుచుకుంటూ వస్తున్నది. ఎగరడం మరిచిపోయిందో, మా ఇల్లే దాని జాగా అనుకున్నదో. అవ్వ దాన్ని చూసి నాయిన పోయినప్పటి నుంచీ మొదటిసారి నవ్వింది. తర్వాత ఒకనాడు దాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. పింజ్రా చాలాకాలం ఉత్తదే వేలాడింది.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. చదవడం నేర్చుకున్నది కిరాణా పొట్లాలు విప్పి. దేవరకొండకు వచ్చి మైకుసెట్టు దుకాణం పెట్టుకున్నాను. పెండ్లిళ్ళు, జాతరలు, ఎలక్షన్లు, అన్నింటికీ నా హారన్లే. చెట్ల మీద కట్టించి ఊళ్ళను మోగించాను. ఊరి చప్పుడు నా బతుకయ్యాక ఈల నోటికి రాలేదు, పెండ్లాం పిల్లల ముందు కూడా వేయలేదు. డీజేలొచ్చి మైకుసెట్లు మూలపడ్డాయి, నా దుకాణమూ మూసుకున్నాను. తెలంగాణ వచ్చాక మా మాట పుస్తకాల్లోకి వచ్చిందని సంతోషపడ్డవాణ్ణి నేను. మా ఈల ఫోన్లోకి పోతుందని అనుకోలేదు.

అది ఎట్లా పోయిందంటే, మొదటిసారి ఆ కాటేజీలకు మేం పోయింది మాఘంలో. మోదుగ మొగ్గ తొడుగుతున్నది, టేకాకులు రాలి కాలు పెడితే అప్పడాల్లా విరుగుతున్నాయి. అల్లుడు నెమలిని తీశాడు, చుక్కల దుప్పిని తీశాడు, పొద్దుపొడుపును తీశాడు. కౌజు మాత్రం దొరకలేదు. గొంతు వినపడుతుంది, పిట్ట కనపడదు. గడ్డిలో పరుగెత్తి పోతుందే తప్ప బయటికి రాదు. కలేపొదల్లో వంగి వంగి, చొక్కా చింపుకుని, "మామా, ఇది పిట్టనా, దయ్యమా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బండ మీద కూర్చుని నాలుక మడిచాను. మొదట ఉత్తగాలే వచ్చింది. పండ్లు రాలిన నోరు, మాట వినలేదు. ఇంకోసారి పట్టాను. మూడు విడతలు పలికి ఆగాను. పొదలో గడ్డి కదిలింది. పుంజు ఎగిరి ఎదురు బండ మీద నిలబడి, రొమ్ము విరుచుకుని, ఎవడ్రా వాడు అన్నట్టు నాలుగు దిక్కులా చూసింది. అల్లుడి కెమెరా టకటకమంటూనే ఉన్నది.

వెనక్కి తిరిగితే మా సుజాత కళ్ళల్లో నీళ్ళు. "బాపూ, నీకిది వస్తదా? ఇన్నేండ్లు నాకు ఎందుకు చెప్పలే?" అన్నది. మైకుల్లో పాటలు వేసేవాడి బిడ్డ, తండ్రి గొంతు ఇట్లా ఉంటుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది. ఆ పొద్దంతా నాయిన సంగతులు చెప్పాను. సైదులు కూడా కూర్చుని విన్నాడు. ఫోను నా నోటి దగ్గర పెట్టి, "ఇంకొక్కసారి తాతా, మా పిల్లలకు వినిపిస్త" అన్నాడు. పిల్లలకన్నాడు కాబట్టి గుండెనిండా ఊపిరి తీసి మరీ పలికాను. పిల్లలకే ఇచ్చాను. వానాకాలం పిట్టల మీదికి తోలమని ఇవ్వలేదు.

ఇక ఆషాఢంలో ఆ గుడ్డచాటు దగ్గరికి వస్తాను. స్పీకరు రెండోసారి మోగింది. పుంజు ఉరికొచ్చింది. వానకు తడిసిన రెక్కలు, మెడ మీద ఈకలన్నీ నిక్కబొడుచుకుని, నోరు తెరిచి అరుస్తూ స్పీకరున్న పొద చుట్టూ తిరుగుతున్నది. కనపడని శత్రువు కోసం అట్లా తిరగడం నేనెన్నడూ చూడలేదు. మా పింజ్రాలో కనీసం ఒక పిట్టన్నా ఉండేది. అవతల గడ్డిలో పెట్ట సన్నగా ఒకటే పిలుస్తున్నది. ఆ పిలుపు ఎవరికీ వినపడలేదు, అందరి చెవులూ వాళ్ళ కెమెరాల టకటకలోనే ఉన్నాయి. నేను లేచి నిలబడి, బందు చేయమని గట్టిగా అన్నాను. పిట్ట గడ్డిలో పడి మాయమైంది. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి, అంకుల్ కూర్చోండి ప్లీజ్ అన్నారు. కూర్చోలేదు. సైదులు నా చేయి పట్టుకుని బయటికి తెచ్చాడు.

"గీ కాలంల పిలువొద్దురా సైదులూ. గుడ్ల మీద ఉంటయి" అన్నాను.

"పోయినసారి నువ్వే పిలిస్తివి గద తాతా."

"గది మాఘం. ఇది ఆషాఢం."

"వచ్చినోళ్ళకు మాఘమేంది, ఆషాఢమేంది? పిట్ట కనవడకపోతె మొకం ముడుస్తరు. ఆసామి నన్ను అడుగుతడు."

గేటు దగ్గర కాటేజీలవాళ్ళే పెట్టిన పచ్చబోర్డు ఉన్నది. పక్షుల అరుపుల రికార్డింగులు సంతాన కాలంలో మోగించరాదు అని పెద్ద అక్షరాలు. అక్కడికి తీసుకుపోయి చదవమన్నాను. సైదులు చదవనవసరం లేదన్నట్టు నవ్వాడు. వెనక ఫోటోలవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

"పిట్టల అరుపులని ఉన్నది తాతా. ఇది పిట్టదా? నీదేనని నువ్వే అంటున్నవు. మనిషి ఈలకు ఏం అడ్డు లేదు." అందరూ నవ్వారు. ఆ నవ్వుకు వాడికి హుషారొచ్చింది. "పెండ్లిళ్ళకు మైకులు గట్టి ఊళ్ళను నిద్రవోనియ్యనోనివి, నువ్వు పిట్టల సంసారం గురించి చెప్పవడితివా?"

"ఊర్లె ఎవ్వలు గుడ్ల మీద లేకుండిరి" అన్నాను. అప్పుడు కూడా నవ్వారు. కానీ స్పీకరు మాపున మళ్ళీ మోగింది.

మధ్యాహ్నం అల్లుడు వచ్చి పక్కన కూర్చుని, తప్పు చేసినవాడిలా కెమెరా తెర చూపించాడు. పొద ముందు పుంజు, తెరిచిన ముక్కు, ఈకల మీద వానచుక్కలు, వెనక మబ్బులో కరుగుతున్న కొండ. మాఘంలో తీసినదాని కంటే వెయ్యిరెట్లు బాగుంది. బాగాలేదని అనలేకపోయాను. "ఎంత రోషం చూడు మామా" అన్నాడు. రోషం కాదు, అది భయం అన్నాను. అతను కాసేపు ఆ బొమ్మను చూసి కెమెరా ఆర్పేశాడు. మాపున చాటులోకి పోలేదు. మంచివాడే మా అల్లుడు. కానీ అతనొక్కడు పోకపోతే ఏమాగుతుంది.

మర్నాడు వరండాలో కూర్చుని సుజాతతో కాటేజీల ఆసామికి ఫోన్లో మెసేజ్ రాయించాను. ఆయన హైదరాబాదులో ఉంటాడు. నా ఈలను నా అనుమతి లేకుండా మోగిస్తున్నారు, గుడ్ల కాలంలో మోగిస్తున్నారు, ఆపండి అని. మొదట రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. తర్వాత పెద్ద జవాబు వచ్చింది. మా నాయిన సంగతి సైదులు చెప్పాడట, చాలా మురిశాడట. బోర్డు మీద నియమం పక్షుల రికార్డింగులకే గాని ఇది మనిషి కళ, గ్రామీణ కళ అన్నాడు. ఇంత గొప్ప కళకు గుర్తింపు ఉండాలి కాబట్టి నా ఫోటో, నా పేరు, మా ఊరి పేరు, మా నాయిన పేరు కూడా రాసి భోజనాల హాల్లో గోడకు పెద్ద బోర్డు పెట్టిస్తానన్నాడు.

సుజాతను మళ్ళీ చదవమన్నాను. నాయిన పేరు రాసిన చోట ఇంకోసారి చదవమన్నాను. ఆయన పేరు గోడ మీద కాదు గదా, కాగితం మీద కూడా ఎవరూ రాయలేదు. చచ్చినప్పుడు కూడా రాయలేదు. కోపం మనిషిని నేను, ఎవరు దేన్ని గుర్తించలేదన్నా నాకు మండుతుంది. మా మాటను వెక్కిరించినవాళ్ళతో బస్టాండుల్లో కొట్లాడాను, పత్రికలకు ఉత్తరాలు రాశాను. ఇప్పుడు వాడు గుర్తిస్తానంటున్నాడు. నాదని నేను ఒప్పుకున్నన్నాళ్ళూ అది మనిషి ఈల, మోగుతూనే ఉంటుంది. వాన సన్నగా పడుతున్నది. అవతల గడ్డిలో పెట్ట అప్పుడప్పుడు పిలుస్తున్నది. ఇంకా గుడ్లు మిగిలే ఉన్నాయని నాకు ఆశ పుట్టింది.

"ఇంకోటి రాయి బిడ్డా" అన్నాను. "నేను పొరపడ్డ. ఆ గొంతు నాది గాదు, పిట్టదే. పిట్టది గనుక మీ బోర్డు మీద ఉన్నట్టు బందు చెయ్యాలె. గట్ల రాయి."

సుజాత ఫోను పక్కన పెట్టింది. "అబద్ధం గద బాపూ? తాత పేరు పోతది."

"మీ తాత నేర్చుకున్నది ఎవరి దగ్గర? పిట్ట దగ్గర్నే గద. దానిది దానికే ఇచ్చెయ్. రాయి."

రాసింది. ఆనాటి మాపటి స్పీకరు మొదలుకాకముందే మేం గదులు ఖాళీ చేసి దిగొచ్చాం. అల్లుడు ఘాటులో ఎక్కడా కారు ఆపలేదు, ఒక్క ఫోటో తీయలేదు. నేను దేవరకొండకు వచ్చి పడ్డాను. రోజూ బిడ్డకు ఫోను చేసి జవాబొచ్చిందా అని అడగడం, రాలేదనడం. పొద్దున లేవగానే చెవులు గుట్ట వైపు పోతున్నాయి. దేవరకొండ చుట్టూ గుట్టలు కొన్ని కంకరకు పోయాయి. మిగిలిన వాటి మీద కౌజు పలుకు ఎప్పుడన్నా గాని వినపడదు. మా ఊళ్ళో పింజ్రాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడెవరూ ఉరులు పన్నరు, మెడలు విరవరు. ఫోటో తీసి వదిలిపెడుతున్నారు, అది మంచిదే, ఎన్నో మెట్లు పైకి వచ్చినట్టే. మరి మా నాయిన లాంటి మొరటు మనిషి, కూర కోసం పిట్టను చంపే మనిషి, చెల్క బీడు పడ్డా సరే వానాకాలం పింజ్రా బయట పెట్టలేదు. పిట్టలంటే ప్రాణమని చొక్కాల మీద రాసుకునేవాళ్ళు అదే వానలో గొడుగులు పట్టుకుని మరీ పిలుస్తున్నారు. ఆకలికి ఒక హద్దున్నది, కడుపు నిండితే ఆగుతుంది. ఈ కెమెరాల ఆకలికి హద్దు ఎక్కడో నాకు తెలియదు. అల్లుణ్ణి అడిగితే, కార్డు నిండితే ఇంకోటి పెట్టుకుంటాం మామా అన్నాడు, నవ్వకుండా.

పొద్దుటిపూట ఎప్పుడన్నా, అలవాటు కొద్దీ, పెదవి లోపలికి పోతుంది. పట్టి ఆపుకుంటాను. బతుకమ్మ పోనీ అనుకుంటాను.

శ్రావణం వచ్చాక, ఆశ వదిలేశాక, సుజాత ఫోను చేసి జవాబొచ్చిందని చెప్పింది. ఏముందో ఉన్నదున్నట్టు చదవమన్నాను, చదివింది. తర్వాత నా ఫోనుకూ పంపించింది. అందులో ఉన్నది ఇది:

"నమస్కారం పెద్దాయనా. ఆలస్యానికి ఏమనుకోవద్దు. మీ రెండో మెసేజ్ చూసి ఆ రికార్డింగు మళ్ళీ విన్నాను. మా దగ్గరికి ఏండ్ల తరబడి వచ్చే ఫోటోగ్రాఫర్లకు కూడా వినిపించాను. అందరూ ఒకటే మాట చెప్పారు, అది అసలైన కౌజు పిట్టే, మనిషి గొంతు అట్లా పలకనే పలకదు అని. ముందు మీదేనని ఎందుకు అనుకున్నారో గాని, వయసు మీద పడ్డాక అట్లా అనిపించడం మామూలే, మీరు బాధపడకండి. పిట్ట అరుపు కాబట్టి మా నియమం దానికీ వర్తిస్తుంది. సైదులు ఫోన్లోనుంచి తీసేయించాను, ఈ కాలంలో ఇక్కడ ఇక ఎవరూ మోగించరు. మీ పేరు, మీ నాన్నగారి పేరు రాయిస్తున్న బోర్డు కూడా ఆపేయించాను."